కండరాల క్షీణత వ్యాధి: తొలి బిడ్డలో త్వరగా గుర్తిస్తే కుటుంబమంతటికీ మేలు

హైదరాబాద్: జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాలు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. స్టూడియోలు, ఫిలిం ఛాంబర్, నటీనటుల నివాసాలతో నిత్యం వార్తలలో ఉండే ఈ ప్రాంతాల నుంచి 2022లో ఒక వైద్య పదం ఇంటింటికీ చేరింది. తాను మయోసైటిస్ అనే వ్యాధితో బాధపడుతున్నట్లు ప్రముఖ నటి సమంత ఆ ఏడాది అక్టోబరులో స్వయంగా వెల్లడించారు. అంతవరకు ఆ పేరు వినని వారు సైతం కండరాల జబ్బుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత కొద్ది వారాలకే, డిసెంబరు 9న, నటి రేవతి దర్శకత్వం వహించిన 'సలామ్ వెంకీ' అనే హిందీ చిత్రం విడుదలైనది. ఆ చిత్రానికి మూలం హైదరాబాద్‌కు చెందిన ఒక యువకుని యథార్థ జీవితం. అతనిని బలిగొన్నది డుషేన్ కండరాల క్షీణత వ్యాధి.

ఈ రెండు జబ్బులూ కండరాలను బలహీనపరచేవే అయినప్పటికీ, వాటి మధ్య ప్రాథమికమైన తేడా ఉన్నది. మయోసైటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కండరాలపైనే దాడి చేస్తుంది. అది తల్లిదండ్రుల నుంచి నేరుగా సంక్రమించే వ్యాధి కాదు. మందులతో అదుపు చేయడానికి వీలున్నది. డుషేన్ వ్యాధి ఇందుకు భిన్నంగా జన్యువులోని లోపం వలన కలుగుతుంది. కుటుంబంలో ఒక తరం నుంచి మరొక తరానికి, ఎవరికీ తెలియకుండానే, అది సంక్రమించవచ్చును. ఈ తేడా తెలియకపోవడం వలన అనేక కుటుంబాలు అనవసరమైన నిందలకు గురవుతుండగా, మరికొన్ని కుటుంబాలు తీసుకోవలసిన జాగ్రత్తను సకాలంలో తీసుకోలేకపోతున్నాయి.

హైదరాబాద్ యువకుని ఉదంతం

కొలవెన్ను వెంకటేశ్ చదరంగ క్రీడాకారుడు. బాల్యంలోనే డుషేన్ వ్యాధి సోకినట్లు తేలింది. 2004 డిసెంబరు నాటికి, 25 ఏళ్ల వయసులో, అతను హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో కృత్రిమ శ్వాసపై ఉన్నాడు. తన అవయవాలు పాడైపోకముందే వాటిని ఇతరులకు దానం చేయాలన్నది అతని కోరిక. ఆ కోరికను మన్నించాలని అతని తల్లి ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అటువంటి దానానికి అవకాశం ఇవ్వనందున న్యాయస్థానం అనుమతించలేదు. డిసెంబరు 17న వెంకటేశ్ కన్నుమూశాడు. ఈ ఉదంతం దేశవ్యాప్తంగా గౌరవప్రదమైన మరణం, అవయవదానం అనే అంశాలపై చర్చకు దారితీసింది.

అయితే ఆ చర్చలో అంతగా ప్రస్తావనకు రాని విషయం ఒకటున్నది. ఈ వ్యాధి ఎందుకు వస్తుంది? ఎవరికి వస్తుంది? అదే కుటుంబంలో మరొక బిడ్డకు రాకుండా ఏమి చేయవచ్చును? ప్రజలు తెలుసుకోవలసినది ప్రధానంగా ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలే.

ఎంతమందికి వస్తుంది?

ఈ వ్యాధిని 1860వ దశకంలో సవివరంగా వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు గియోమ్ డుషేన్ పేరిటనే దీనిని పిలుస్తున్నారు. పిల్లలలో కనిపించే వంశపారంపర్య కండరాల జబ్బులలో ఇదే ప్రధానమైనది. ఇది దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశీలనల ప్రకారం, పుట్టే ప్రతి 3,500 నుంచి 5,000 మంది మగశిశువులలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది. దేశం, జాతి, మతం, కులం అనే తేడా దీనికి లేదు. ఏటా 3 లక్షల మంది మగశిశువులు జన్మించే రాష్ట్రాన్ని ఉదాహరణగా తీసుకుంటే, ఆ లెక్కన ప్రతి సంవత్సరం 60 నుంచి 85 మంది వరకు ఈ వ్యాధితో పుడతారు. విడిగా చూస్తే అరుదైన జబ్బే. కానీ ఆ పిల్లలు అనేక సంవత్సరాలు జీవిస్తారు కనుక, ఏ సమయంలోనైనా ఒక రాష్ట్రంలో ఇటువంటి కుటుంబాలు వందల సంఖ్యలో ఉంటాయి.

జన్యువులో జరిగే లోపం

మన కండరం ముడుచుకున్న ప్రతిసారీ కండర కణం పైపొరపై ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకునేందుకు పొరకు లోపలి నుంచి ఊతమిచ్చే ప్రోటీన్ పేరు డిస్ట్రోఫిన్. ఇది లేనప్పుడు కణం పైపొర కదలిక కదలికకూ చిరుగుతుంది. మొదట్లో శరీరం కొత్త కండరాన్ని తయారు చేసుకుంటుంది. క్రమంగా ఆ శక్తి తగ్గి, కండరం స్థానంలో కొవ్వు, నార వంటి పదార్థం పేరుకుంటుంది. ఈ పిల్లల పిక్కలు బలిష్ఠంగా కనిపించడానికి కారణం ఇదే. చూపులకు అది బలం. వాస్తవానికి అది క్షీణత.

డిస్ట్రోఫిన్ తయారీకి అవసరమైన జన్యువును అమెరికా శాస్త్రవేత్త లూయీ కుంకెల్ బృందం 1986లో గుర్తించింది. 1987లో ఆ ప్రోటీన్‌ను గుర్తించి పేరు పెట్టారు. మానవ జన్యువులలో అతి పెద్దవాటిలో ఇది ఒకటి. దీని పొడవు 20 లక్షల అక్షరాలకు మించినది. అందులో ప్రోటీన్ తయారీకి పనికివచ్చే ఖండికలు 79. కణం ఈ జన్యువును మొదటి నుంచి చివరి వరకు ఒకసారి నకలు తీయడానికే సుమారు 16 గంటలు పడుతుంది. ఇంత పొడవైన గ్రంథాన్ని తరతరాలుగా తిరగరాసేటప్పుడు పొరపాట్లు దొర్లే అవకాశం కూడా ఎక్కువే. రోగులలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ఒకటి లేదా కొన్ని ఖండికలు పూర్తిగా తొలగిపోయి ఉంటాయి. మిగిలిన వారిలో కొందరికి ఖండికలు రెండింతలు కావడం, మరికొందరికి ఒకటి రెండు అక్షరాలు మారడం కనిపిస్తుంది.

ఇదే జన్యువులోని లోపం వలన బెకర్ వ్యాధి అనే మరొక జబ్బు వస్తుంది. అది కొంత తేలికపాటిది. రోగులు యుక్తవయసు దాటిన తర్వాత కూడా నడవగలుగుతారు. ఒకే జన్యువు దెబ్బతిన్నా తీవ్రతలో ఇంత తేడా ఎందుకో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చును. కణం జన్యు లిపిని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. 'రమణ పలక కడిగె' అనే వాక్యంలో ప్రతి పదానికీ మూడు అక్షరాలే. ఇందులో 'పలక' అనే పదం మొత్తం తొలగిపోతే 'రమణ కడిగె' అని మిగులుతుంది. అర్థం కొంత లోపించినా వాక్యం నిలుస్తుంది. ఇది బెకర్ వ్యాధి. అలా కాక 'ణ' అనే ఒక్క అక్షరం పోయినదనుకుంటే, మూడేసి అక్షరాల చొప్పున చదివినప్పుడు 'రమప లకక డిగె' అవుతుంది. అక్కడి నుంచి చివరి వరకు ఏ పదానికీ అర్థం ఉండదు. ఇది డుషేన్ వ్యాధి. ఎంత భాగం పోయినది అనేదాని కంటే ఎలా పోయినది అన్నదే ముఖ్యం.

ఎవరి తప్పూ కాదు

డిస్ట్రోఫిన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. స్త్రీలకు రెండు ఎక్స్ క్రోమోజోములు, పురుషులకు ఒక్కటే ఉంటాయి. ఒక స్త్రీలో ఒక ఎక్స్‌పై లోపం ఉన్నా రెండవది ఆ లోటును భర్తీ చేస్తుంది కనుక ఆమె సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటుంది. ఇటువంటి వారిని వాహకురాలు అంటారు. ఆమెకు పుట్టే ప్రతి కుమారునికి వ్యాధి వచ్చే అవకాశం సగం. ప్రతి కుమార్తె తానూ వాహకురాలయ్యే అవకాశం సగం. ఇది ప్రతి కాన్పుకూ విడివిడిగా వర్తించే లెక్క. మొదటి బిడ్డకు వచ్చినంత మాత్రాన రెండవ బిడ్డ సురక్షితమని గానీ, రెండవ బిడ్డకు తప్పనిసరిగా వస్తుందని గానీ చెప్పడానికి వీలులేదు.

ఈ కారణంగా బిడ్డకు జబ్బు వచ్చినప్పుడు తల్లిని, ఆమె పుట్టింటిని నిందించడం కొన్ని కుటుంబాలలో కనిపిస్తుంది. ఇది అన్యాయం మాత్రమే కాదు, శాస్త్రానికి కూడా విరుద్ధం. ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో సుమారు మూడవ వంతు మందికి తల్లి నుంచి లోపం సంక్రమించలేదు. జన్యువులో అప్పటికప్పుడు కొత్తగా మార్పు కలిగినది. ఇటువంటి జబ్బులలో మూడింట ఒక వంతు కొత్త మార్పుల వలననే వస్తాయని ప్రసిద్ధ జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1935లోనే గణితం ద్వారా వివరించారు. తర్వాతి కాలంలో భారతదేశానికి తరలివచ్చి, భారత పౌరసత్వం స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసినది ఈ హాల్డేనే. ఇక మిగిలిన రెండు వంతుల తల్లులు కూడా తమకు తెలియని లోపాన్ని మోసినవారే తప్ప, తెలిసి చేసిన తప్పు ఏదీ లేదు. గర్భిణిగా ఉన్నప్పుడు తిన్న ఆహారం, చూసిన గ్రహణం, పడిన భయం వంటివి ఈ వ్యాధికి కారణం కావు.

మేనరికంపై అపోహ

తెలుగు ప్రాంతాలలో ఏ వంశపారంపర్య వ్యాధి వచ్చినా మొదట వినిపించే మాట మేనరికం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట ఒక వంతు వివాహాలు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే. తెలంగాణలో ఈ శాతం కొంత తక్కువ. కాబట్టి ఈ విషయంలో స్పష్టత అవసరం.

డుషేన్ వ్యాధికి మేనరికం కారణం కాదు. మేనమామ ఆరోగ్యంగా నడుస్తున్నాడంటే అతని ఏకైక ఎక్స్ క్రోమోజోమ్‌పై ఈ లోపం లేదని అర్థం. వధువు వాహకురాలైతే, ఆమె మేనమామను చేసుకున్నా, ఏ సంబంధమూ లేని దూరప్రాంతపు వరుని చేసుకున్నా కుమారునికి వచ్చే ప్రమాదం ఒకటే. 'మా ఇంట్లో మేనరికాలు లేవు కనుక మాకు భయం లేదు' అనుకోవడం, 'బయటి సంబంధం చేశాం కనుక ఇక పరీక్షలు అక్కరలేదు' అనుకోవడం రెండూ పొరపాట్లే.

అయితే కండరాల క్షీణత వ్యాధులన్నీ ఒకే తీరుగా రావు. తుంటి, భుజాల కండరాలను దెబ్బతీసే లింబ్ గర్డిల్ రకాలలో అత్యధికం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం కలిగిన జన్యువు వచ్చినప్పుడే కలుగుతాయి. ఇవి ఆడపిల్లలకూ, మగపిల్లలకూ సమానంగా వస్తాయి. ఇద్దరు వాహకులకు పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి అవకాశం నాలుగవ వంతు. రక్తసంబంధీకుల వివాహాలలో ఒకే పూర్వీకుని లోపం రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం ఎక్కువ కనుక ఇక్కడ మేనరికం వలన ప్రమాదం పెరుగుతుంది. తరతరాలుగా ఒకే సామాజిక వర్గంలో పెళ్లిళ్లు చేసుకోవడం కూడా ఇటువంటి ఫలితాన్నే ఇస్తుందని హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్ తదితరులు అంతర్జాతీయ బృందంతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన సూచించింది. అందుచేత 'కండరాల జబ్బు' అని మాత్రమే తెలిస్తే చాలదు. ఏ రకమో జన్యు పరీక్ష ద్వారా నిర్ధారించుకోవలసి ఉంటుంది.

తల్లిదండ్రులు గమనించవలసిన లక్షణాలు

డుషేన్ వ్యాధి ఉన్న బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే ఉంటాడు. నడక కొంత ఆలస్యం కావచ్చును. మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఈ క్రింది లక్షణాలు కనిపిస్తాయి.

- తోటి పిల్లలతో సమానంగా పరుగెత్తలేకపోవడం, తరచుగా పడిపోవడం
- మెట్లు ఎక్కడానికి గోడను గానీ, కమ్మీని గానీ పట్టుకోవడం
- మునివేళ్లపై నడవడం, నడుము ముందుకు వంచి ఊగుతూ నడవడం
- పిక్కలు వయసుకు మించి లావుగా, గట్టిగా ఉండటం
- నేలపై కూర్చున్న పిల్లవాడు చేతులను మోకాళ్లపై, తొడలపై ఆనించి, తన శరీరంపై తానే ఎగబాకినట్లుగా లేవడం

చివరి లక్షణాన్ని 1879లో ఇంగ్లండు వైద్యుడు విలియం గోవర్స్ వర్ణించారు. బల్లపై పరీక్షిస్తే ఇది కనిపించదు. బిడ్డను నేలపై కూర్చోబెట్టి లేవమంటే క్షణంలో తెలుస్తుంది. ఈ చిన్న పరీక్షను అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఎవరైనా చేయవచ్చును.

అనుమానం కలిగితే చేయవలసిన మొదటి రక్త పరీక్ష సి.కె. అనగా క్రియాటిన్ కైనేజ్. ఈ పిల్లలలో అది సాధారణ స్థాయికి పదుల రెట్లు అధికంగా ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దెబ్బతిన్న కండరాల నుంచి ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనే ఎంజైములు కూడా రక్తంలోకి చేరుతాయి. వీటిని మాత్రమే చూసి కాలేయ వ్యాధిగా భావించి నెలల తరబడి కాలేయానికి మందులు వాడే పరిస్థితి ఏర్పడుతుంది. నడకలో తేడా ఉన్న బిడ్డకు ఈ ఎంజైములు పెరిగినట్లు తేలితే సి.కె. పరీక్ష కూడా చేయించాలి.

తర్వాతి మెట్టు జన్యు పరీక్ష. ఖండికల తొలగింపు, రెట్టింపులను గుర్తించే ఎం.ఎల్.పి.ఎ. పరీక్షతోనే అధిక శాతం మందికి వ్యాధి నిర్ధారణ అవుతుంది. అందులో తేలని వారికి జన్యువు మొత్తాన్ని అక్షరం అక్షరంగా చదివే పరీక్ష అవసరమవుతుంది. జూబ్లీహిల్స్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోని పంజాగుట్టలో గల నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ, ఉప్పల్‌లోని సి.డి.ఎఫ్.డి. సంయుక్తంగా అరుదైన వ్యాధుల జాతీయ విధానం క్రింద ప్రత్యేక కేంద్రంగా గుర్తింపు పొందాయి. బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యు వ్యాధుల ఆసుపత్రి కూడా ఈ రంగంలో చిరకాలంగా సేవలందిస్తున్నది.

సమయమే కీలకం

ఈ వ్యాధి విషయంలో అత్యంత విషాదకరమైన పరిణామం ఒకే తల్లికి ఇద్దరు కుమారులూ వ్యాధిగ్రస్తులు కావడం. సాధారణంగా మొదటి బిడ్డకు నాలుగైదేళ్లు వచ్చిన తర్వాత గానీ వ్యాధి నిర్ధారణ కాదు. ఆ లోపుననే రెండవ బిడ్డ పుట్టి ఉంటాడు. నిర్ధారణ రెండేళ్లు ముందుకు జరిగితే తల్లి తన తదుపరి కాన్పు గురించి తెలిసి నిర్ణయించుకోగలుగుతుంది.

బిడ్డలో జన్యు లోపం ఏదో తేలిన వెంటనే తల్లికి వాహక పరీక్ష చేయించాలి. ఆమె వాహకురాలని తేలితే ఆమె అక్కచెల్లెళ్లకు, పెళ్లీడుకు వచ్చిన కుమార్తెలకు, ఆడపడుచుల వైపు కాక తల్లి వైపు స్త్రీలకు జన్యు సలహా ఇప్పించాలి. తల్లి రక్తంలో లోపం కనిపించకపోయినా ఆమె అండాలలో కొన్నింటిలో అది దాగి ఉండే అవకాశం స్వల్పంగా ఉన్నది. కావున తదుపరి గర్భంలో పరీక్ష చేయించుకోవడం శ్రేయస్కరం. వాహకులైన స్త్రీలలో కొందరికి గుండె కండరం బలహీనపడవచ్చును కనుక వారు అప్పుడప్పుడు గుండె పరీక్షలు కూడా చేయించుకోవాలి.

గర్భం దాల్చిన 11 నుంచి 13 వారాల మధ్య మావి నుంచి, లేదా సుమారు 16 వారాల తర్వాత ఉమ్మనీటి నుంచి నమూనా తీసి గర్భస్థ శిశువుకు వ్యాధి ఉన్నదీ లేనిదీ తెలుసుకోవచ్చును. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టమే, ఇటువంటి లింగసంబంధ జన్యు వ్యాధుల గుర్తింపునకు నమోదైన కేంద్రాలలో పరీక్షలను అనుమతించింది. పరీక్ష చేయించుకోవడం, ఆ తర్వాత ఏమి చేయాలన్నది పూర్తిగా ఆ దంపతుల నిర్ణయం. సమాచారం ఇవ్వడమే వైద్యుల, జన్యు సలహాదారుల బాధ్యత. ఒత్తిడి చేయడం కాదు.

చికిత్స, సంరక్షణ

డుషేన్ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. కానీ చేయగలిగినది ఏమీ లేదనుకోవడం సరికాదు. సకాలంలో ప్రారంభించిన ప్రెడ్నిసొలోన్, డెఫ్లాజాకార్ట్ వంటి స్టిరాయిడ్ మందులు నడక కోల్పోవడాన్ని రెండు మూడేళ్ల పాటు వాయిదా వేయగలవు. క్రమం తప్పని ఫిజియోథెరపీ కీళ్లు బిగుసుకుపోకుండా కాపాడుతుంది. సాధారణంగా 12 ఏళ్ల ప్రాంతంలో చక్రాల కుర్చీ అవసరమవుతుంది. ఆ తర్వాత గుండె, ఊపిరితిత్తులపై ప్రత్యేక శ్రద్ధ వహించాలి. ఒకప్పుడు ఇరవై ఏళ్లకే ముగిసే జీవితం, గుండె మందులు, రాత్రివేళ వాడే శ్వాస యంత్రాల వలన ఇప్పుడు ముప్పై ఏళ్లకు, అంతకు మించి కూడా సాగుతున్నది. శస్త్రచికిత్స అవసరమైనప్పుడు మత్తు వైద్యునికి ఈ వ్యాధి సంగతి తప్పనిసరిగా ముందే తెలియజేయాలి. కండరాలను సడలించే కొన్ని మందులు వీరికి ప్రాణాపాయం కలిగిస్తాయి.

జన్యువులోని ఒక ఖండికను దాటవేసి చదివించే మందుకు అమెరికా 2016లో అనుమతి ఇచ్చింది. అది రోగులలో సుమారు 13 శాతం మందికే వర్తిస్తుంది. 2023లో జన్యు చికిత్సకు కూడా అక్కడ అనుమతి లభించింది. అయితే 2025లో నడవలేని స్థితిలో ఉన్న రోగులు కాలేయ వైఫల్యంతో మరణించడంతో అటువంటి వారికి ఆ చికిత్సను నిలిపివేశారు. ఎంతో ఆశ కల్పిస్తున్న ఈ చికిత్సల ధర కోట్లలో ఉన్నది. అద్భుత ఫలితాలంటూ వెలువడే ప్రకటనలను నమ్మి ఆస్తులు అమ్ముకునే ముందు గుర్తింపు పొందిన కేంద్రంలోని నిపుణులను సంప్రదించాలి.

ప్రభుత్వ తోడ్పాటు

కండరాల క్షీణత వ్యాధిని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలలో ఒకటిగా గుర్తించింది. సదరం శిబిరాలలో ధ్రువపత్రం పొందినవారు పింఛను, ప్రయాణ రాయితీలు, విద్యా ఉద్యోగ రిజర్వేషన్లకు నిబంధనల మేరకు అర్హులు. తెలంగాణలో దివ్యాంగుల పింఛనును 2023 జులైలో నెలకు 4,016 రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో తీవ్రమైన కండరాల క్షీణతతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి పింఛను 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయలైనది. 2021లో కేంద్రం ప్రకటించిన అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో డుషేన్ వ్యాధికి కూడా చోటున్నది. గుర్తించిన వ్యాధులకు ప్రత్యేక కేంద్రాలలో ఇచ్చే సాయం పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలను, ప్రభుత్వ పాఠశాలలను సందర్శించినప్పుడు నడకలో తేడా ఉన్న పిల్లలను తల్లిదండ్రులు వారికి చూపించవచ్చును.

వెంకటేశ్ గాథ వెండితెరకెక్కి లక్షలాది మందిని కదిలించింది. ఫిలింనగర్ బంగళాలోనైనా, పక్కనే ఉన్న బస్తీలోని ఒంటిగది ఇంటిలోనైనా ఈ వ్యాధి ఒకే తీరుగా మొదలవుతుంది: నేలపై నుంచి లేవడానికి తొడలపై చేతులు ఆనించే మూడేళ్ల పిల్లవాడితో. ఆ దృశ్యాన్ని చూసినవారు 'పెద్దయితే సర్దుకుంటుంది' అని ఊరుకోకుండా ఒక్క సి.కె. పరీక్ష చేయించినట్లయితే ఆ బిడ్డకు చికిత్స త్వరగా అందుతుంది. అతని తల్లికి, పిన్నికి, అక్కకు తమ భవిష్యత్తును గురించి తెలుసుకునే అవకాశం కలుగుతుంది.